పోయిన ఫేజులో దీపం

వెలగకూడదు. ఎర్రది వెలగాలి, వెలుగుతోంది. ఆకుపచ్చది వెలగాలి, వెలుగుతోంది. మధ్యలో ఉన్న పసుపుది మాత్రం ఆరిపోయి ఉండాలి. ఎందుకంటే ఆ ఫేజు తీగ పొద్దున పత్తి బోరాలు ఎత్తుగా కట్టుకొచ్చిన లారీ తగిలి తెగి, డొంకదారి పక్కన ముళ్ళకంచె మీద పడి ఉంది. దాని ఫ్యూజు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పీకి, చొక్కా జేబులో వేసుకునే నాగూర్ వలి అద్దంకి వెళ్ళాడు. ఇంక ఆ తీగలోకి కరెంటు రావాలంటే ఆకాశంలోంచి ఊడిపడాలి. అయినా పసుపు దీపం వెలుగుతోంది. ధీమాగా కాదు, సగం సగంగా, మధ్యాహ్నం క్లాసులో కునికిపాట్లు పడే పిల్లవాడి కళ్ళలాగా. నేను కట్టిన పెట్టె, నేను వేసిన అతుకులు, నా ఎదురుగానే నన్ను వెక్కిరిస్తున్నాయి. మోటారు గదిలో గోతాం పరుచుకుని గోడకి చేరబడి దాన్నే చూస్తున్నాను. ఇంకాసేపటికి మా ఆయనా, ఊళ్ళో మోటార్లకీ ఇళ్ళకీ వైరింగు చేసే నాగూర్ వలీ తీగ అతికే సరంజామా కొనుక్కుని స్కూటరు మీద వస్తారు. తెగిన తీగ రెండు కొసలూ చెరొకరూ చేత్తో పట్టుకుని లాగి అతుకుతారు. అతికి, ఫ్యూజు మళ్ళీ వేశాక మూడు దీపాలూ సమానంగా వెలిగితే నేను తువ్వాలు ఊపాలి, నా పని అంతే. ఆ తీగ చచ్చిందా బతికే ఉందా అన్నదాని మీదే వాళ్ళిద్దరి ప్రాణాలూ ఉన్నాయి. చచ్చిందనే అందరం అనుకుంటున్నాం, నేనూ అనుకుంటున్నాను. ఈ దీపం ఒక్కటే కాదంటోంది. కాబట్టి తప్పు దీపానిదే అయ్యుండాలి.

కరెంటు కంటికి కనపడదు, చిన్నప్పటినుంచీ నాకు దాని మీదున్న కోపమంతా అదే. నీళ్ళు కనపడతాయి. గాలి కనపడకపోయినా మిరపాకు కదిలి చెబుతుంది. నిప్పు సంగతి సరేసరి. ఇది మాత్రం తీగలో కూర్చుని ఉలకదు పలకదు. ఉందో లేదో తెలుసుకోవాలంటే ముట్టుకోవాలి, ముట్టుకున్నాక ఉందని చెప్పడానికి మనం ఉండం. గుంటూరులో బియ్యెస్సీ చదివేటప్పుడు ల్యాబులో వోల్టుమీటరు ముల్లు వణుక్కుంటూ లేచి ఒకచోట నిలబడితే, పక్కనున్న పిల్లలందరూ అంకె రాసుకుని పోయారు, నేను మాత్రం ముల్లునే చూస్తూ నిలబడ్డాను. కనపడనిదాన్ని ఇది బతిమాలి కనపడేట్టు చేసిందే అనుకున్నాను. ఆ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. పెళ్ళయి ఈ ఊరొచ్చాక పోస్టులో ఎలక్ట్రానిక్స్ పత్రిక తెప్పించుకుంటాను, అందులో చివరి పేజీల్లో బుల్లి బుల్లి సర్క్యూట్లుంటాయి, వోల్టేజీ ఎంతుందో చెప్పేదొకటి, కరెంటు ఎంత లాగుతోందో చెప్పేదొకటి, లైను ఉందో పోయిందో చెప్పేదొకటి. శనగగింజంత దీపాలు నాలుగు, రెసిస్టర్లు గుప్పెడు, డయోడ్లు రెండు మూడు, ఇంతకంటే ఏమీ ఉండదు. మొదట వంటింట్లో అయిదు దీపాల వరస కట్టాను. వోల్టేజీ పెరిగేకొద్దీ ఒక్కొక్కటే వెలుగుతుంది. సాయంత్రం ఊళ్ళో మోటార్లన్నీ లాగేటప్పుడు రెండే ఉంటాయి, అప్పుడు ట్యూబులైటు మిణుకుమని ఊరుకుంటుంది. మా అత్తగారు దాన్ని నమ్మనన్నారు, వారం తిరక్కుండానే, "కనకం, నాలుగోది వెలిగిందా చూడు, కొబ్బరి మిక్సీలో వేసేద్దాం" అనడం మొదలుపెట్టారు. అతుకులు వేసేటప్పుడు వచ్చే పొగ మాత్రం ఆవిడకి గిట్టదు. మా కోడలు పప్పులో తాలింపు కంటే ఆ సీసం తాలింపే శ్రద్ధగా పెడుతుందని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. చెప్పనీ, నిజమే కదా.

ఈ మూడు దీపాల పెట్టె కిందటేడు మోటారు కాలిపోయాక కట్టాను. రైతు చేలో మోటారు కాలడమంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయిన సంగతి తెలియక మా ఆయన ఆకుపచ్చ మీట నొక్కారు, అది మూలిగింది, ఆయన ఇంకోసారి నొక్కారు, అంతే, రాగి కాయిలంతా బొగ్గయింది. ఆయన తెలుగు పండితుడు. ఎంత పొడుగు సమాసమైనా క్షణంలో విడదీస్తారు, ప్లగ్గు విడదీయమంటే నన్ను పిలుస్తారు. అందుకని మూడు ఫేజులకీ మూడు రంగుల దీపాలు పెట్టి, మూడూ వెలిగితేనే మీట ముట్టుకోండి అని చెప్పాను. ఎరుపు, పసుపు, నీలం పెట్టాలి అసలు, స్తంభాల మీద వాటి పేర్లు అవే. నీలం దీపం గుంటూరు బజారంతా తిరిగినా దొరకలేదు, అలాంటిది అసలు రాదమ్మా అన్నాడు కొట్టు సాహెబు. నీలం ఎందుకు రాదు? ఎర్రటి వెలుగిచ్చే పదార్థం దొరికింది, పచ్చటిది దొరికింది, నీలానికి ఏమొచ్చింది? దాని గురించి రెండ్రోజులు ఆలోచించి ఆకుపచ్చదే పెట్టేశాను. ఇప్పుడు ఆ ఆకుపచ్చా ఈ ఎరుపూ చక్కగా ఉన్నాయి, పసుపుదే దొంగచూపులు చూస్తోంది.

పోనీ దుమ్ము పట్టిందేమో. మిరపకాయ కోతల రోజులు, గాలినిండా ఆ ఎర్రటి పొడి, ముక్కులోనూ కళ్ళలోనూ దూరేది పెట్టెలో దూరదా. అతుక్కీ అతుక్కీ మధ్య దుమ్ము చేరితే పక్క ఫేజు కాస్త కారుతుంది. అలాగైతే పొద్దున్నించీ వెలగాలి కదా? వాళ్ళు అద్దంకి బయల్దేరేటప్పుడు నేను చూశాను, ఆరిపోయే ఉంది. వెళ్ళిన కాసేపటికి, ఎవరో పిలిచినట్టు, వచ్చి కూర్చుంది. దుమ్ముకి అలాంటి వేళాపాళా ఉంటుందా? పోనీ పక్క తీగల్లో కరెంటు పోతుంటే ఈ ఒంటరి తీగలో దాని నీడ పడుతుంది, అది చదువుకున్నదే. స్క్రూడ్రైవర్ టెస్టర్లో నియాన్ దీపం ఆ నీడకే వెలిగేస్తుంది, అది గుసగుసకి కూడా లేచి కూర్చునే రకం. నా దీపం అలాంటిది కాదే. దీనికి నిజంగా కరెంటు కావాలి, ఎవరో ఒకరు నిజంగా తోయాలి. నీడ తోయదు. మరి ఎవరు తోస్తున్నారు? ట్రాన్స్‌ఫార్మరు దగ్గర దారి మూసేశాం, ఫ్యూజు నాగూర్ జేబులో ఉంది, తీగ కంచె మీద ఉంది. దీపం వెలుగుతోంది. ఇంత తమాషా లెక్క నాకు ఎప్పుడూ రాలేదు, చెప్పొద్దూ, చెప్పుకోకూడదు కానీ కొంచెం సరదాగా కూడా ఉంది.

వెంకటనారాయణ ఒప్పుకుని ఉంటే ఈ లెక్కే ఉండేది కాదు. మా తర్వాత చేను ఆయనది, తీగ మా గది మీదుగానే ఆయన గదికి పోతుంది. పొద్దున మా ఆయన ఆయన్ని అడగడం నేను విన్నాను. "ఒక్క గంట ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మెయిను దించుదామండీ, తీగ అతికేదాకా." ఆయన గట్టు మీదనుంచే కేకేశాడు. "ఎట్టా దించుతారు మాస్టారూ. సాయంత్రం దాకే గదా కరెంటు. పోయిన ఫేజు పోనే పోయింది, ఉన్న రెండిటినీ గూడా పీకేదేంది. కండెన్సరు పెట్టి లాగిస్తన్నా. తీసేస్తే నా కాయ వడలిపోద్ది." న్యాయమే కదా, ఎవరి కాయ వాళ్ళది. మాది కూడా రెండో పూత, ఈ తడి అందకపోతే పూతంతా రాలిపోతుంది, అందుకే లైన్‌మన్ రేపు వస్తానంటే ఆగలేక నాగూర్‌ని పిలిచాం. కండెన్సరు సంగతి ఈ ఊరొచ్చాకే తెలిసింది నాకు. మూడు ఫేజుల మోటారంటే ముగ్గురు కూర్చుని తిప్పే పెద్ద తిరగలి అనుకోవాలి. ఒకడు లేచి వెళ్ళిపోతే తిరగదు. ఈ నల్ల డబ్బా మిగిలినవాళ్ళలో ఒకడి బలం కాస్త తీసుకుని, వెళ్ళిపోయినవాడి చోట కూర్చుని తోస్తుంది. మోటారు ఏడుస్తూనే తిరుగుతుంది. కాలేజీలో మేష్టరు చెప్పిన దాంట్లో ఇది లేదు, ఉన్నా ఇట్లా వాడతారని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు. చుట్టుపక్కల రైతులందరి గదుల్లోనూ ఆ డబ్బా ఉంది. ఇప్పుడు కూడా వినపడుతోంది వెంకటనారాయణ మోటారు, దూరంగా, ఒకే శ్రుతిలో, దగ్గు ఆపుకుంటున్న మనిషిలాగా.

నాగూర్ చూసే పట్టుకుంటాడు, అది నాకు ధైర్యం. బల్బు హోల్డరుకి రెండు తీగలు కట్టి ఉంటుంది అతని దగ్గర. ఒక తీగ కాలవ తడిలో దిగేసిన గడ్డపారకి చుట్టి, రెండోది తెగిన తీగకి తగిలిస్తాడు. వెలిగితే బతికున్నట్టు, లేకపోతే చచ్చినట్టు. పొద్దున అట్లాగే చూశాడు, బల్బు వెలగలేదు. "సచ్చిన తీగేనండీ మాస్టారూ" అన్నాడు. చూడకుండా దేన్నీ ముట్టుకోడు. వాళ్ళన్న ఇమాం హుస్సేన్ పోయినప్పటినుంచీ మరీను. ఇమాం హుస్సేన్ పొదిలి దగ్గర ఒక చేలో ఇట్లాగే తెగిన తీగ పట్టుకుని పోయాడు. తమ్ముడికి పని నేర్పింది అతనే. చూడకుండా పట్టుకున్నాడు, తొందర మనిషి, చేజేతులా పోగొట్టుకున్నాడు ప్రాణం, అని అందరూ అన్నారు. శవాన్ని తెచ్చినవాళ్ళూ అన్నారు, చూడ్డానికి వెళ్ళినవాళ్ళూ అన్నారు, మా ఆయనా అన్నారు. వాళ్ళమ్మ జానీబీ బొంతలు కుడుతుంది. మా ఇంటికి పాత చీరలకి వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని అదే మాట. "మావోడు చూడకుండా పట్టుకోడమ్మా. మీరు సదూకున్నోళ్ళు, మీరు చెప్పండి." నేనేం చెబుతాను. ఊఁ అంటాను, మజ్జిగ ఇస్తాను. చూస్తే బల్బు వెలగాలి కదా, వెలిగితే పట్టుకోడు కదా, పట్టుకున్నాడంటే చూడలేదనే కదా. లెక్క అట్లాగే వస్తుంది. ఆవిడ మజ్జిగ తాగి, చీరలు మూట కట్టుకుని వెళ్ళిపోతుంది.

విసుగొచ్చి లేచి, పెట్టె మీద వేలితో రెండు మొట్టికాయలు వేశాను. పసుపు దీపం ఆరిపోయింది. అదిగో, అనుకున్నాను. ఎక్కడో అతుకు వదులైంది, ఇంతసేపూ నన్ను ఏడిపించి మొట్టికాయకి లొంగింది. రేడియోకీ పిల్లలకీ పనిచేసే మందు దీనికీ పనిచేసింది. సంతోషం వెయ్యాలి. కొంచెం చప్పగా అనిపించింది, అంత తమాషా లెక్కకి ఇదా జవాబు అని. అప్పుడే గుమ్మంలో నీడ పడింది. మా చేలో కాయ కోస్తున్న వీరమ్మ, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటోంది.

"కాసిని నీళ్ళు పొయ్యండమ్మా. ఘాటుకి గొంతు పట్టేసింది."

కుండలోంచి ముంచి పోశాను. దోసిలి పట్టి తాగి, మిగిలినవి మెడ మీద చల్లుకుంది. "ఎంకటనారాయణ కాలవలో తాగుదామని పోతే నీళ్ళు రావట్లా. మోటారు ఆపేశాడు."

"కరెంటు పోయిందా?"

"కరెంటు కాదమ్మా, కాలిద్దని. పొద్దున గూడా ఇదే తంతు. కాసేపు తిప్పుతాడు, ఏడెక్కిందని ఆపుతాడు, దాని మీద తడిగోతాం కప్పి సల్లారిందాకా సుట్ట కాలుస్తాడు, మళ్ళా తిప్పుతాడు. పొద్దున మాస్టారూ నాగూరూ తీగ చూసేటప్పుడు గూడా గట్టు మీద సుట్ట ముట్టించుకునే ఉన్నాడు. నీళ్ళ కోసం ఆడదాకా ఊరికే తిరిగా."

వీరమ్మ వెళ్ళిపోయింది. నిజమే, మోటారు చప్పుడు లేదు. ఇంతసేపూ చెవిలో ఉండి ఉండి ఆగిపోతే, ఆగిన సంగతి కూడా ఎవరో చెబితే గాని తెలియలేదు. మిరప చేలో కాయ తుంచుతున్న చిటుకు చిటుకు కూడా వినపడుతోంది. డొంకలో స్కూటరు వచ్చి ఆగడం కూడా అందుకే వినపడింది. గది గుమ్మంలో నిలబడితే నాలుగు చేల అవతల కంచె దగ్గర మా ఆయన తెల్లచొక్కా కనపడుతోంది, నాగూర్ గడ్డపార దిగేస్తున్నాడు. మంచివాడు, రెండోసారి కూడా చూస్తున్నాడు. వంగాడు, తీగ తగిలించాడు, కాసేపు చూశాడు. లేచి నా వైపు చెయ్యెత్తి అడ్డంగా ఊపాడు, లేదు అన్నట్టు. మా ఆయన చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టుకుంటున్నారు. పూజకి కూర్చునేటప్పుడు కూడా ఇట్లాగే చెప్పులు విడుస్తారు. ఆ అలవాటు ఎక్కడ పాటించాలో ఎక్కడ పాటించకూడదో ఆ మనిషికి ఎప్పుడు తెలుస్తుంది. సరే, తీగ చచ్చిందే కదా, చెప్పులుంటేనేం లేకపోతేనేం. లోపలికి తిరిగి పెట్టె చూశాను. ఎరుపు, ఆకుపచ్చ. మధ్యలో ఏమీ లేదు. అంతా సవ్యంగా ఉంది. పొద్దున వాళ్ళు చూసినప్పుడు కూడా ఇట్లాగే సవ్యంగా ఉంది, నాగూర్ బల్బూ వెలగలేదు, నా దీపమూ వెలగలేదు. వెంకటనారాయణ చుట్ట కాలుస్తున్నాడట. ఇప్పుడూ బల్బు వెలగలేదు, దీపం లేదు, ఇప్పుడూ చుట్ట కాలుస్తున్నాడు. మధ్యలో మోటారు తిరిగినంతసేపూ దీపం వెలిగింది. నేను మొట్టికాయ వేసినప్పుడే ఆయన ఆపాడు. నా మొట్టికాయకి ఆరలేదు.

మోటారుకి ఆరింది. ఎందుకు? మోటారు కరెంటు తాగేది కదా, ఇచ్చేది కాదే. మూడోవాడి చోట కూర్చుని కండెన్సరు తోస్తుంది. మూడోవాడి చోటు ఎక్కడుంది? మోటారు మూడో కొసలో ఉంది. ఆ కొస మీటలుండే స్టార్టరు పెట్టె దాకా వస్తుంది, స్టార్టరు నుంచి మూడో తీగకి పోతుంది, వెంకటనారాయణ దాన్ని విప్పి ఉండడు, ఎవరూ విప్పరు, ఎందుకు విప్పుతారు, పోయిన ఫేజే కదా. ఆ తీగ ఆయన స్తంభం ఎక్కి, మా గది మీదుగా నా పెట్టెలో దీపాన్ని ముట్టుకుని, ముళ్ళకంచె దాకా పోతుంది. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు వైపు నుంచే రావాలని ఎవరన్నారు? అందరం అట్లాగే అనుకున్నాం. నీళ్ళు పల్లానికే పోతాయి, కానీ మోటారు పెట్టి తోస్తే మెరకకి పోవా. వెనకనుంచి వచ్చింది. నా దీపం అబద్ధం చెప్పలేదు. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, నేను ఎంత సంతోషించానో చెప్పలేను, ఒళ్ళంతా చల్లగా, ల్యాబులో ముల్లు లేచి నిలబడినట్టు. ఆ వెంటనే మా ఆయన ఉత్త కాళ్ళు గుర్తొచ్చాయి. దీపం ఇప్పుడు వెలగడం లేదు. వెలగకపోవడమే భయం. వెంకటనారాయణ చుట్ట అయిపోగానే లేచి మీట నొక్కుతాడు.

పరిగెత్తాను. వెంకటనారాయణ గది అటు చివర ఉంది, ఎండలో కనపడటం లేదు, అటు పోయేలోపు చుట్ట అయిపోవచ్చు, ఎంత చుట్టో, ఎప్పుడు ముట్టించాడో. కంచె వైపే పోవాలి. చీర కొంగు నడుముకి దోపుకుని సాళ్ళ మధ్యన పడ్డాను. మిరప కొమ్మలు విరుగుతున్నాయి, రెండో పూత రాలిపోతోంది, దేనికోసం ఇదంతా మొదలుపెట్టామో ఆ పూతే నా కాళ్ళ కింద పడుతోంది, పడనీ. కాయ కోసేవాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు. మాస్టారి భార్య ఇట్లా పరిగెత్తడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. నోరు తెరిచి అరిస్తే ఏం అరవాలో తెలియలేదు. కరెంటు ఉంది అంటే అబద్ధం, ఇప్పుడు లేదు. లేదు అంటే పట్టుకుంటారు. లేదు కానీ వస్తుంది అనాలి, అంత పొడుగు మాట అరవడానికి ఊపిరి ఎక్కడిది. నాగూర్ అప్పటికే తీగ పట్టుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని, మెలిక తీస్తున్నాడు, ఇంట్లో నులక సరిచేసినంత తేలిగ్గా. రెండో కొస మా ఆయన చేతికి అందించబోతున్నాడు.

"వదిలెయ్ నాగూర్. వదిలెయ్. కింద పడెయ్."

గొంతులో ఏం వినపడిందో, ఎందుకని అడగలేదు, వదిలేశాడు. తీగ మళ్ళీ కంచె మీద పడింది. మా ఆయన చేయి చాచిన మనిషి చాచినట్టే నా వైపు తిరిగారు.

"ఏమైంది కనకం? మోటారు కాలిందా?"

ఊపిరి అందక గట్టు మీద చేతులానించి నిలబడ్డాను. చెప్పడం మొదలుపెడితే కండెన్సరు దగ్గర చిక్కుపడింది, తిరగలి దగ్గర ఆయనకి అర్థం కాలేదు. "చూశాంగా అమ్మా, ఇప్పుడే, మీక్కూడా చెయ్యూపాను" అన్నాడు నాగూర్. "ఫ్యూజు ఇదుగో, నా జేబులో ఉంది." తీసి చూపించాడు కూడా. నేను ఆ బల్బు తీసుకోమన్నాను, ఇందాకటిలాగే తగిలించి, అట్లాగే వదిలేసి, మనం దూరంగా నిలబడదాం అన్నాను. ఇందాక లేనిది ఇప్పుడెట్లా వస్తుందని మా ఆయన అడిగారు. వెంకటనారాయణ మోటారు మొదలయ్యేదాకా ఆగండి అన్నాను. దానికీ దీనికీ ఏమిటి సంబంధం అన్నారు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెప్పులు తొడుక్కోండి అన్నాను. ఆ ఒక్కమాటకి ఎదురు చెప్పకుండా తొడుక్కున్నారు.

నాగూర్ మా చేను వైపు కొసకి తగిలించాడు. బల్బు చీకటిగా ఉంది. కంచె ముళ్ళకి చిక్కుకున్న పత్తి పింజెలు గాలికి ఊగుతున్నాయి. నా లెక్క తప్పయితే? తప్పయినా ఫరవాలేదు, నన్ను చూసి ఊరంతా నవ్వుకుంటుంది, మా అత్తగారు ఇంకో ఏడాది చెప్పుకుంటారు. తప్పు కావాలనే అనిపించింది ఒకవైపు. ఇంకోవైపు, సిగ్గులేని మనసు, వెలుగుతుందా వెలగదా అని బల్బు వైపు మెడ చాచి చూస్తూనే ఉంది. మా ఆయన గొంతు సవరించుకుని, "నువ్వు చదివింది నిజమే అయ్యుండొచ్చు గానీ" అని మొదలుపెట్టారు. ఆ మాట సగంలో ఉండగా, దూరంనుంచి, దగ్గు ఆపుకుంటున్నట్టు, మోటారు చప్పుడు మొదలైంది. బల్బు వెలిగింది.

పట్టపగలు, ఎండలో కూడా తెలిసేట్టు వెలిగింది. మా ఆయన రెండో కొస కోసం చాచిన చేతిని వెనక్కి తీసుకుని, పంచె మడతలో పెట్టుకున్నారు, అక్కడ దాస్తే ఏమన్నా భద్రమని కాబోలు. తర్వాత గట్టు మీద కూర్చుండిపోయారు. కాసేపటికి లేచి, వెంకటనారాయణ చేను వైపు గబగబా నడిచారు, మెయిను దించమని చెప్పడానికి. ఈసారి అడగడానికి కాదని ఆ నడకే చెబుతోంది.

నాగూర్ కదల్లేదు. బల్బునే చూస్తున్నాడు. "రెండుసార్లు చూశానమ్మా" అన్నాడు. "పొద్దున చూశా. ఇప్పుడు చూశా."

"చూశావు నాగూర్. నువ్వు చూసినప్పుడు లేదు. నీ తప్పేం లేదు."

అతను బల్బు హోల్డరు వైపు వేలు చూపించాడు. "మా అన్న పోయిన కాడికి నేనే పోయానమ్మా ముందర. ఈ హోల్డరు ఆయన పక్కనే పడుంది. జేబులో కాదు, సంచిలో కాదు, పక్కన. ఒక తీగ గడ్డపారకి చుట్టే ఉంది. అప్పుడు నాకు ఇది తట్టలా. శవాన్ని లేపే తొందరలో విప్పి జేబులో ఏసుకున్నా. చూడకుండా పట్టుకున్నాడని వాళ్ళంటే నేను గూడా ఊరుకున్నా." మోటారు ఇంకా తిరుగుతోంది, బల్బు ఇంకా వెలుగుతోంది. "ఆ చేను పక్కన మోటారు తిరగతా ఉందమ్మా. ఫేజు లేదు గదా, ఎట్టా తిరుగుద్దని ఎవరూ అడగలా. నేనూ అడగలా."

నేనూ అడగలేదు. అరుగు మీద కూర్చుని జానీబీ అడిగినన్నిసార్లూ నాకు వచ్చిన లెక్క ఒకటే. అది తప్పని ఇప్పుడు నా కళ్ళముందు వెలుగుతోంది. అంతలో మోటారు ఆగింది, మా ఆయన చేరి ఉంటారు. బల్బు ఆరిపోయింది. నాగూర్ దాన్ని విప్పలేదు. మెయిను దించి వచ్చాక, ఆ వెంకటనారాయణ కండెన్సరు విప్పేసింది నేను కళ్ళారా చూశాకే తీగ ముట్టుకుంటానమ్మా అన్నాడు. ఆ తర్వాత ఇంకోమాట అడిగాడు, అడిగేటప్పుడు నా మొహం చూడలేదు.

"మా అమ్మకి మీరొచ్చి చెప్పండమ్మా. నేను చెప్తే నమ్మదు. తన బాధ తీర్చటానికి చెప్తన్నా అనుకుంటది."

వస్తానన్నాను. పని అయ్యాక ఇద్దరం వెళ్ళాలి, చీకటి పడకుండానే వెళ్ళాలి. ఎట్లా చెప్పాలి ఆవిడకి? మూడు ఫేజులనీ, కండెన్సరనీ, వెనకనుంచి వచ్చిన కరెంటనీ చెబితే ఏం అర్థమవుతుంది. తిరగలి చెబితే కొంత అర్థం కావచ్చు, ముగ్గురు కూర్చోవడం, ఒకడు లేచిపోవడం. అంతా చెప్పడానికి నా దగ్గర బోలెడుంది, ఒక్కొక్క మెట్టూ విప్పి చూపించాలని నాకు సరదాగా కూడా ఉంటుంది. కానీ ఆవిడకి కావలసింది అది కాదు. ఆవిడ అడిగింది ఒకటే మాట, ఇన్నాళ్ళూ ఊరంతా తలూపి తప్పించుకున్న మాట. అరుగు మీద ఆవిడ పక్కనే కూర్చుని ముందు అదే చెప్పాలి. చూశాడు జానీబీ, నీ కొడుకు చూసే పట్టుకున్నాడు.